మిఠాయి కార్ఖానల పనిజేసిన ట్యాంకు ఇంజినీరు

టీ-34 ట్యాంకు బొమ్మ ఏడ జూసినా నాకు ఫిరంగి కన్నా ముందు మిఖాయిల్ కోష్కినే యాదికొస్తడు. యుద్ధాన్ని మెచ్చుకుంటలేను తమ్మీ, మనిషి గురించి చెప్తున్న.

1898ల రష్యాల బ్రిన్చాగి అనే పల్లెల పేదరైతు ఇంట్ల పుట్టిండు. నాయిన సచ్చిపోతే చిన్నప్పుడే మాస్కో పోయి మిఠాయి కార్ఖానల పనికి కుదిరిండు. ఇంజినీరు చదువు అయ్యేసరికి 35 ఏండ్లు.

ఖార్కివ్ల ట్యాంకు డిజైన్ పని చేతికొచ్చినంక, సైన్యంల కొందరు చక్రాల మీద గూడ ఉరికే బండే కావాలన్నరు. ఈయన మొండికేసిండు: ఒట్టి గొలుసుపట్టాలే ఉండాలె, ఉక్కు మందంగ, ఏటవాలుగ ఉండాలె, గుండు తగిలితే జారిపోవాలె.

1940 మార్చిల రెండు ట్యాంకులతోటి మాస్కో దాకా మంచుల తనే పోయిండు. ఆ తొవ్వల ముదిరిన నిమోనియా సెప్టెంబర్ 26న పానం తీసింది. హిట్లర్ దండు రష్యా మీద పడ్డది మరుసటేడు జూన్ల. తన ట్యాంకు కొట్లాట ఆయన సూడనే లేదు. శ్రమవీరుడు బిరుదు ఇచ్చేసరికి 1990 అయింది.