సర్కారు తీరు నచ్చక వీసీ కుర్చీనే వదిలేశారు.. ఎవరీ కట్టమంచి?

వీసీలు రాజకీయాలపై నోరు విప్పొచ్చా? యూనివర్సిటీల్లో ప్రభుత్వం మాట ఎంతవరకు చెల్లాలి? క్యాంపస్‌లలో ఇప్పటికీ ఆగని చర్చ ఇది. అయితే ఇదేం కొత్త గొడవ కాదు. దాదాపు వందేళ్ల కిందటే ఓ తెలుగు వీసీకి ఇదే పరీక్ష ఎదురైంది. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి. చాలామందికి సీఆర్ రెడ్డిగానే తెలుసు.

1880లో చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదువుతుండగానే ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశారు. అది రాజుల కథ కాదు.. చెరువు కట్ట తెగిపోతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిన అనంతపురం ప్రాంతపు కోడలి కథ. తర్వాత కేంబ్రిడ్జ్ వెళ్లారు. అక్కడి స్టూడెంట్ యూనియన్‌కు ఉపాధ్యక్షుడైన తొలి భారతీయుడు ఆయనే.

తిరిగొచ్చాక మైసూరు సంస్థానంలో పాఠాలు చెప్పారు, విద్యాశాఖను నడిపారు. ‘కవిత్వతత్త్వ విచారం’ పుస్తకంలో ప్రబంధ కవుల వర్ణనల మోజును గట్టిగానే కడిగేశారు. సంప్రదాయ పండితులకు అది మింగుడుపడలేదు. కానీ తెలుగులో ఆధునిక విమర్శకు దారి వేసింది ఆ పుస్తకమే.

రాజకీయాల్లోనూ అదే తీరు. జస్టిస్ పార్టీలో ఉండి, దానితో విభేదించి బయటికొచ్చారు. 1923లో మద్రాసు శాసనమండలిలో పానగల్ రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. అది వీగిపోయింది. ఆయన మాత్రం తగ్గలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట బెజవాడలో, ఆ తర్వాత విశాఖలో. తొలి వీసీ సీఆర్ రెడ్డే. 1930లో ఉప్పు సత్యాగ్రహం జోరు మీదుంది. ఉద్యమకారులపై బ్రిటిష్ సర్కారు విరుచుకుపడింది. ఆ అణచివేతకు నిరసనగా ఆయన రాజీనామా చేసేశారు. అప్పటికి వర్సిటీ వయసు నాలుగేళ్లే! 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ బాధ్యతలు తీసుకున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. 1936లో సీఆర్ రెడ్డి మళ్లీ అదే కుర్చీలోకి వచ్చారు. 1949 దాకా కొనసాగారు. యుద్ధ భయంతో 1942లో వర్సిటీని గుంటూరుకు తరలించాల్సి వచ్చినప్పుడు కూడా వీసీ ఆయనే. సరిగ్గా అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం నుంచి ‘సర్’ బిరుదు అందుకున్నారు. నిరసనగా కుర్చీ వదిలిన మనిషి బిరుదెలా తీసుకున్నారన్న ప్రశ్న రాక మానదు. అందుకే ఆయన్ని ఒకే గాటన కట్టలేం.

1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఏలూరులోని సర్ సీఆర్ రెడ్డి కాలేజీ ఆ పేరును ఇంకా మోస్తోంది. పదవా, మాటా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు 1930లో ఆయన పదవే వదిలారు. వీసీల గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ ఆ రాజీనామా గుర్తొచ్చేది అందుకే.