నేటాలు తెలుగువారి బోధకుడు రెవరెండ్ జాన్ రంగయ్య

పొట్టకూటికై పుట్టిన ఊరు విడిచిన తెలుగువారందరూ ఒకే దారిన పోలేదు. నిజాం సీమ నుండి ఇళ్లు కట్టే పనులకు బొంబాయి చేరిన కామాటీల పేరు మీదనే కామాటిపురా వెలసింది. పిమ్మట వచ్చిన చేనేతవారు మిల్లుల చుట్టూ ఉన్న చాళ్లలో కాపురాలు పెట్టారు. మరికొందరు మద్రాసు రేవులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలికి వెళ్లారు. ట్రూరో అనే తొలి ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆ వలస ఆగేనాటికి అలా వెళ్లినవారు సుమారు 1,52,000 మంది. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు ఓడలలో పోయినవారే.

బొంబాయి కూలీకి ఏ పండుగకో ఊరి ముఖం చూసే వీలుండేది. నేటాలు కూలీకి అయిదేళ్ల ఒప్పందం, నడుమ సముద్రం. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం. ఒప్పందం తీరాక అక్కడే ఉండదలచిన వారిపై ఏటా తలకు మూడు పౌనుల పన్ను విధిస్తూ 1895లో చట్టం చేశారు. అనగా ఆరు నెలల కష్టార్జితం!

ఆ ప్రజల మధ్యకు వెళ్లిన బోధకుడే జాన్ రంగయ్య. ఆయన 1866లో జన్మించారు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో స్థిరపడింది. ఫలితం కానరాక దానిని మూసివేయాలని పెద్దలు పలుమార్లు తలచారు. అందుకే దానికి ఒంటరి నక్షత్రమనే పేరు వచ్చింది. అటువంటి మిషనుకు 1876-78 నాటి కరవు తరువాత ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు నిరుపేదలు. పాతికేళ్లు తిరిగేసరికి ఆ తెలుగు సంఘాలే తమ హోం మిషనరీ సొసైటీ పక్షాన ఒక బోధకుని సముద్రం దాటించాయి. ఇది సామాన్యమైన మాట కాదు.

విదేశ సేవకు వెళ్లేవారికి భాష, ఆరోగ్యం, ఆచారాలు నేర్పే శిక్షణ శిబిరాలు నేడు ఉన్నాయి. ఆనాటి తెలుగు సంఘాలకు అటువంటివి లేవు. అయితే దొరలైన బోధకులు ఏళ్ల తరబడి శ్రమించి నేర్చిన భాష రంగయ్యగారికి తల్లి ఒడిలోనే అబ్బింది. కూలీ వదలి వచ్చిన పల్లెలు, అతని కులపు కట్టుబాట్లు, అప్పుల బాధ ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అంతకు మించిన సన్నాహం ఏముంటుంది?

1903లో ఆయన సకుటుంబంగా నేటాలు చేరారు. స్టాంగర్ సమీపాన లీజ్ హ్యూలెట్ దొరగారి కియర్స్‌నీ తేయాకు తోటలలో అప్పటికే తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. అదే ఏడు డిసెంబరు 27న అక్కడ తొలి భారతీయ బాప్టిస్టు సంఘం ఏర్పడింది. తోట నుండి తోటకు తిరిగి, చెదరిన వారిని ఆయన ఒకచోటికి చేర్చారు.

చివరి సంవత్సరాలు సుఖంగా గడవలేదు. పంపిన సొసైటీకి, ఆయనకు నడుమ భేదాలు వచ్చాయి. నేటాలు ఇండియన్ తెలుగు బాప్టిస్టు అసోసియేషన్ 1914లో ఏర్పడింది. దూరాన ఉన్న పెద్దల అదుపు మేలా, అక్కడివారి స్వపరిపాలన మేలా అనే తగవు ఏ వలస సంఘానికీ కొత్త కాదు. 1913 నాటి మహాసమ్మె ఫలితంగా మూడు పౌనుల పన్ను కూడా ఆ ఏడే రద్దయింది. మరుసటి సంవత్సరం, 1915లో, ఏభై నిండకుండానే రంగయ్యగారు పరమపదించారు.

తరువాతి కాలంలో కుమారుడు టి.ఎం. రంగయ్య నేటాలులో తండ్రి సేవను అందుకున్నారు. అక్కడి హిందూ తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకొని, తమ పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించే పనికి పూనుకున్నారు.