ధనుర్వాతానికి విరుగుడు కనిపెట్టిన కితసాటో

అబర్డీన్ బజార్‌లో గడియార స్తంభం దాటి నడుస్తుంటే హిందీ, బెంగాలీ, తమిళాలతో పాటు మన తెలుగూ చెవిన పడుతుంది. ఇక్కడి పెద్దలకు జపాన్ అనగానే 1942 నుంచి 1945 దాకా ఈ దీవులను ఆక్రమించిన సైన్యం గుర్తొస్తుంది. ఆ బాధ నిజమైనది. అయితే కాలికి మేకు దిగి సూదిమందు కోసం పరుగెత్తిన ప్రతిసారీ మనం మరో జపాన్ మనిషికి రుణపడుతున్నాం. ఆయన పేరు కితసాటో షిబాసబురో.

కితసాటో 1853లో క్యూషూ దీవిలోని ఓగుని అనే కొండ ప్రాంతపు పల్లెలో పుట్టారు. 1883లో టోక్యోలో వైద్యవిద్య పూర్తి చేశారు. తర్వాత ప్రభుత్వం పంపగా జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ దగ్గర చేరారు.

ఆ రోజుల్లో ధనుర్వాతం సోకినవారిలో చాలామంది చనిపోయేవారు. దవడలు బిగుసుకుపోయి, ఒళ్లు విల్లులా వంగిపోతుంది. ధనుస్సు నుంచే మన భాషలో దానికా పేరు. మట్టిలోని క్రిమి వల్ల ఈ జబ్బు వస్తుందని అప్పటికే తెలిసినా, ఇతర క్రిములు కలవకుండా దాన్ని పెంచడం ఎవరికీ చేతకాలేదు. దాని బీజాలు వేడికి ఓర్చుకుంటాయి, ప్రాణవాయువు తగిలితే మాత్రం పెరగవు. కితసాటో ఈ రెండు గుణాలనే వాడుకున్నారు. 80 డిగ్రీల వేడితో మిగతా క్రిములను చంపి, హైడ్రోజన్ నింపిన పాత్రలో దాన్ని పెంచి, 1889లో విడదీశారు.

మరుసటి ఏడాది ఎమిల్ బేరింగ్‌తో కలిసి, ఆ క్రిమి విషానికి అలవాటుపడిన జంతువు రక్తంలో విరుగుడు తయారవుతుందని నిరూపించారు. 1901లో వైద్యరంగపు తొలి నోబెల్ బహుమతి బేరింగ్ ఒక్కరికే దక్కింది. కితసాటో పని ఆపలేదు. అంతకుముందే 1894లో, ప్లేగు చెలరేగిన హాంకాంగ్‌కు వెళ్లి పరిశోధన చేశారు. 1914లో తాను నడిపే సంస్థను ప్రభుత్వం తన ఇష్టానికి విరుద్ధంగా వేరే శాఖకు బదిలీ చేస్తే, రాజీనామా చేసి సొంత సంస్థ స్థాపించారు. 1931లో కన్నుమూశారు. 2024లో జపాన్ వెయ్యి యెన్‌ల నోటుపై ఆయన బొమ్మ వచ్చింది.

పిల్లలూ, బదిలీ అంటే ఏమిటో మీకూ, మాకూ బాగా తెలుసు. సామాన్లు సర్దేటప్పుడు టీకాల కార్డును అట్టపెట్టె అడుగున పడేయకండి. 10 ఏళ్లకూ, 16 ఏళ్లకూ వేసే టీడీ టీకా తప్పించుకోకండి. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, గాయంలోకి చేరిన మట్టి, పేడల్లోని బీజాల వల్ల వస్తుంది. దెబ్బ తగిలితే సబ్బునీళ్లతో కడిగి, ఇంట్లో చెప్పి, ఆసుపత్రికి వెళ్లండి. జబ్బు ముదిరాక వైద్యం కష్టం, ముందు జాగ్రత్త తేలిక.