చేతివేళ్లతో గుండెను విన్న డాక్టరమ్మ

చెవులు సరిగా వినపడని మనిషి గుండె డాక్టరు కాగలరా? కాగలరని నిరూపించిన మహిళ హెలెన్ టాసిగ్. పిల్లల గుండె వైద్యాన్ని ఒక ప్రత్యేక శాఖగా నిలబెట్టినవారిలో ఆమె మొదటివరుసలో ఉంటారు.

హెలెన్ 1898 మే 24న అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణంలో జన్మించారు. పదకొండేళ్ల వయసులో తల్లి క్షయతో మరణించారు. డిస్లెక్సియా వల్ల హెలెన్‌కు చదవడమే పెద్ద కష్టం. ప్రొఫెసరైన తండ్రి ఓపికగా పక్కన కూర్చోబెట్టుకుని చదివించారు.

హార్వర్డ్ వైద్య కళాశాల ఆ రోజుల్లో స్త్రీలకు డిగ్రీ ఇచ్చేది కాదు. అందుకని ఆమె బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో చదివి 1927లో డాక్టరయ్యారు. 1930లో అక్కడి పిల్లల గుండె క్లినిక్ బాధ్యత స్వీకరించారు. ఆ కాలంలోనే వినికిడి తగ్గిపోయింది. స్టెతస్కోపే ఆధారమైన వృత్తిలో అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

ఆమె మానలేదు. బిడ్డ ఛాతీపై చేయి ఉంచి గుండె అదురును వేళ్లతో పసిగట్టడం నేర్చుకున్నారు. ఫ్లోరోస్కోపు అనే ఎక్స్‌రే తెర ముందు బిడ్డను అటూ ఇటూ తిప్పి గుండె ఆకారాన్ని, కదలికను చూసేవారు. ఈసీజీతో సరిపోల్చేవారు. ఇలా కత్తి తగలకుండానే లోపలి లోపాన్ని గుర్తించేవారు.

కొందరు పిల్లలు నీలంగా మారి చనిపోతుండేవారు. ఊపిరితిత్తులకు చాలినంత రక్తం అందకపోవడమే కారణమని ఆమె గ్రహించారు. చేతికి వెళ్లే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపే శస్త్రచికిత్సను 1944 నవంబరు 29న సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ తొలిసారి ఒక పాపకు చేశారు. ఆ పాప కొన్ని నెలలే బతికింది. కానీ తర్వాత వేలాది పిల్లలకు అదే ప్రాణం పోసింది. ఆ పద్ధతిని ప్రయోగశాలలో సాధించి, ఆపరేషన్ వేళ బ్లాలాక్ వెనుక నిలబడి దారి చూపినది వివియన్ థామస్ అనే నల్లజాతి టెక్నీషియన్. పేదరికం వల్ల కాలేజీకి వెళ్లలేని ఆయనకు 1976లో గానీ గౌరవ డాక్టరేటు రాలేదు.

హెలెన్ 1965లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1986 మే 20న కారు ప్రమాదంలో కన్నుమూశారు. నేడు పిల్లల గుండె పనితీరును ఎకో పరీక్ష నొప్పి లేకుండా చూపిస్తోంది. ఆ యంత్రం రాకముందు ఆ పని చేసినవి ఆమె చేతులు.

మిత్రులారా, మనలో ఒకరికి ఇంగ్లీషు తడబడుతుంది, ఇంకొకరికి లెక్కలు. ఒక దారి మూసుకుపోతే హెలెన్ ఇంకో దారిలో నేర్చుకున్నారు. ఆ మాట మనం గుర్తుంచుకుంటే చాలు.