వచ్చిన దినము

ఎమీ కార్మైకేల్ 1867లో ఐర్లండులో జన్మించి, 1895లో మన దేశమునకు వచ్చెను. 1901 మార్చిలో, తిరునెల్వేలి ప్రాంతమున, ప్రీనా అను ఏడేండ్ల బాలిక దేవదాసీల యింటినుండి తప్పించుకొని ఆమెను ఆశ్రయించెను. అంతకు మునుపొకసారి పారిపోయి తల్లిని చేరగా, తల్లి భయపడి తిరిగి అప్పగించినది. శిక్షగా ఆ పసిచేతులపై వాతలు పెట్టిరి. మన తెలుగునాట బసివి, జోగిని అను పేర్లతో సాగినది ఇట్టి ఆచారమే.

దోహ్నవూరు గృహమునకు చేరిన పిల్లలలో అనేకులకు పుట్టినదినము తెలియదు. అన్నవస్త్రములు ఎట్లో సమకూర్చవచ్చును. నేనెవరి బిడ్డనని అడుగు పిల్లకు ఏమి చెప్పవలెను? జన్మదినమునకు బదులు, ఆ బిడ్డ గృహమునకు వచ్చిన దినమునే ఏటేట పండుగగా జరిపిరి. ఎమీ వారిని ఆంగ్ల బాలికలుగా మార్చబూనలేదు. తానే తమిళము నేర్చి, ఈ దేశపు వస్త్రము ధరించి, వారికి అమ్మ అయ్యెను. చిన్ననాట తన గోధుమరంగు కన్నులు నీలముగా మారవలెనని ప్రార్థించినది ఈమెయే!

1918 నుండి బాలురను కూడ చేర్చుకొనిరి. 1931లో పడి గాయపడిన ఎమీ తుదివరకు మంచముననే యుండెను. 1947లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీ అంకితమును నిషేధించెను. 1951 జనవరి 18న ఆమె మరణించెను. సమాధిరాయి వలదని ఆమె కోరియుండగా, పిల్లలచట పక్షులు నీరు త్రాగు తొట్టి నిలిపి, అమ్మ అని అర్థమిచ్చు ఒక్క తమిళపదము చెక్కించిరి.