సింహాసనం లొంగినా లొంగని మంత్రి

1276లో దక్షిణ చైనాను ఏలుతున్న సాంగ్ రాజవంశం రాజధాని లిన్‌ఆన్, అంటే నేటి హాంగ్‌జౌ, మంగోలుల వశమైంది. అయిదేళ్ళ పసి చక్రవర్తి తరఫున పాలన చూస్తున్న వృద్ధ రాజమాత షియే రాజముద్రను అప్పగించింది. మిగిలిన కోటలు కూడా లొంగిపోవాలని ఆజ్ఞలు పంపింది. రాజు ఆజ్ఞే లొంగిపొమ్మంటుంటే పోరాడేవాడు రాజభక్తుడా, ద్రోహియా? ఆ చిక్కు ప్రశ్నకు తన జీవితంతో సమాధానం చెప్పినవాడు వెన్ టియాన్‌షియాంగ్.

అతను పుట్టుకతో యోధుడు కాదు. 1236లో నేటి జియాంగ్‌షీ రాష్ట్రంలోని జీఆన్ ప్రాంతంలో పుట్టాడు. ఇరవై ఏళ్ళకే, 1256లో, చక్రవర్తి సమక్షంలో జరిగే అత్యున్నత ఉద్యోగ పరీక్షలో దేశం మొత్తానికి ప్రథముడిగా నిలిచాడు. అలాంటి వాడికి మంత్రి పదవి దూరం కాదు. కానీ నోరు ఊరుకోలేదు. 1259లో మంగోలులు యాంగ్జీ నది దాటినప్పుడు, రాజధానిని వదిలి వెళ్దామన్న ఓ అంతఃపుర అధికారికి మరణశిక్ష వేయాలని విన్నపం పంపాడు. తర్వాత సర్వాధికారి జియా సిదావోతోనూ పడలేదు. నలభై ఏళ్ళు నిండకముందే పదవి వదిలి ఇంటిపట్టున ఉండాల్సి వచ్చింది.

ఈలోగా యుద్ధం దగ్గరపడింది. యాంగ్జీ లోయకు తలుపులాంటి షియాంగ్‌యాంగ్ కోట అయిదేళ్ళకు పైగా ముట్టడిని తట్టుకుంది. కుబ్లాయ్ ఖాన్ పశ్చిమాసియా నుంచి రప్పించిన ముస్లిం నిపుణులు భారీ రాళ్ళు విసిరే యంత్రాలు కట్టాక 1273లో లొంగిపోయింది. ఆ తలుపు తెరుచుకున్నాక రాజధానికి మంగోలుల దారి సుగమమైంది.

1275లో సైన్యాలతో తరలిరమ్మని రాజమాత పిలుపునిస్తే కదిలినవాళ్ళు కొద్దిమందే. గాన్‌జౌ పాలకుడిగా ఉన్న వెన్ సొంత ఆస్తినంతా ఖర్చుపెట్టి రైతులను, కొండజాతుల వారిని కూడగట్టాడు. దేశాన్ని నాలుగు సైనిక మండలాలుగా విడదీసి ఒకేసారి ఎదురుదాడి చేయాలన్న అతని ప్రణాళికను ఆస్థానం పక్కన పెట్టింది. చివరి ఘడియలో మంత్రిని చేసి, మంగోల్ సేనాని బాయాన్‌తో సంధి మాట్లాడమని పంపింది. బాయాన్ అతన్ని నిర్బంధించాడు. అతను శత్రు శిబిరంలో ఉండగానే రాజధాని చేజారింది.

ఉత్తరాదికి తరలిస్తుండగా జెన్‌జియాంగ్ దగ్గర తప్పించుకున్నాడు. అయితే యాంగ్‌జౌ కోటను కాపాడుతున్న సాంగ్ సేనానే అతన్ని శత్రువు పంపిన గూఢచారి అనుకున్నాడు. సొంతవాళ్ళ నుంచీ దాక్కుంటూ సముద్రమార్గాన దక్షిణానికి చేరాడు. అక్కడ పసి చక్రవర్తి సోదరుణ్ణి సింహాసనంపై కూర్చోబెట్టి పోరాటం మళ్ళీ మొదలుపెట్టారు. 1277లో జియాంగ్‌షీలో కొన్ని పట్టణాలు తిరిగి గెలిచాడు కానీ నిలుపుకోలేకపోయాడు. ఓటమిలో భార్య, పిల్లలు శత్రువు చేతికి చిక్కారు. సేనానిగా అతని విజయాలు చిన్నవే, అవీ కొన్నాళ్ళ ముచ్చటే.

1278 చివర్లో గ్వాంగ్‌డాంగ్ తీరంలో పట్టుబడ్డాడు. విషం మింగినా ప్రాణం పోలేదు. అతన్ని పట్టుకున్న జాంగ్ హోంగ్‌ఫాన్ మంగోలు కాదు, మంగోలుల ఏలుబడిలో పుట్టి పెరిగిన ఉత్తరాది చైనీయుడే. మిగిలిన సాంగ్ నౌకాదళాన్ని లొంగిపొమ్మని ఉత్తరం రాయమన్నాడు. వెన్ దానికి బదులు ఒక కవిత రాసిచ్చాడు. 1279 మార్చి 19న యామెన్ దగ్గర ఆ దళం నాశనమైంది. మంత్రి లు షియుఫు బాల చక్రవర్తిని వీపున కట్టుకుని సముద్రంలో దూకాడు. వెన్ బందీగా శత్రు నౌక మీది నుంచి ఆ అంతాన్ని చూశాడు.

తర్వాత మూడేళ్ళకు పైగా దాదు, అంటే నేటి బీజింగ్, చెరసాలలో గడిపాడు. లొంగిన మంత్రులు వచ్చి నచ్చజెప్పారు. లొంగిన బాల చక్రవర్తినే అతని ముందుకు తెచ్చారు. వెన్ నమస్కరించి, వెనక్కి వెళ్ళిపొమ్మని వేడుకున్నాడు. రాజు లొంగినా రాజ్యం ఆయనకంటే పెద్దదని అతని వాదన. అయితే ఆ వాదనతో అందరినీ కొలవలేదు. తమ్ముడు వెన్ బీ కోటను అప్పగించి మంగోలుల కొలువులో చేరాడు. అన్న అతన్ని వెలివేయలేదు. తన కొడుకులు చనిపోవడంతో ఆ తమ్ముడి కొడుకునే దత్తత తీసుకున్నాడు. ఒకరు దేశం కోసం చనిపోతే, మరొకరు కుటుంబం కోసం బతకవచ్చన్న ఒప్పుదల అందులో కనిపిస్తుంది.

అతన్ని విడిపించేందుకు తిరుగుబాటు జరగబోతోందన్న వదంతులు రావడంతో కుబ్లాయ్ స్వయంగా పిలిపించి మంత్రి పదవి ఇస్తానన్నాడు. వెన్ మరణమే కోరుకున్నాడు. 1283 జనవరి 9న దక్షిణ దిక్కుకు నమస్కరించి తలవంచాడు. మార్కో పోలో కుబ్లాయ్ కొలువులో ఉన్న కాలమది. మన నేల మీద రుద్రమదేవి ఏలుబడి సాగుతున్న కాలం కూడా.

సాంగ్ రాజ్యం తిరిగి రాలేదు. మంగోలుల యువాన్ వంశం కూడా 1368లో కూలిపోయింది. వెన్ చెరలో రాసిన 'ధర్మశక్తి గీతం' మాత్రం చైనా బడుల్లో పిల్లలు ఇప్పటికీ చదువుతున్నారు. బీజింగ్‌లో అతని స్మారక మందిరం నేటికీ ఉంది. ఓడిపోయిన సేనానికి, గెలిచినవారి రాజధానిలోనే గుడి వెలిసింది.