అలెగ్జాండరు హంబోల్టు

మొక్కలకును శీతోష్ణస్థితికిని గల సంబంధమును లోకమునకు విశదపరచిన మహనీయులలో అలెగ్జాండరు వాన్ హంబోల్టు అగ్రగణ్యుడు. ఆయన 1769వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన బెర్లిను నగరమున సంపన్న కుటుంబములో జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. గనుల శాస్త్రము నభ్యసించి ప్రష్యా ప్రభుత్వమున గనుల అధికారిగా పనిచేసెను. 1796లో తల్లి మరణింపగా తనకు సంక్రమించిన ఆస్తిని భోగములకు గాక దేశాటనమునకు వినియోగించెను.

1799లో వృక్షశాస్త్రజ్ఞుడగు బొంప్లాను తోడుగా దక్షిణ అమెరికాకు ఓడ నెక్కెను. వెనిజులా దేశమున వలెన్సియా సరస్సు నీరు నానాటికి తగ్గుచుండుట చూచి, చుట్టుపట్ల అడవులు నరకుటయు, సేద్యమునకై వాగులను మళ్ళించుటయు దానికి కారణములని గ్రహించెను. మానవుని చేతలు ప్రకృతి నెట్లు మార్చునో ఆనాడే ఆయన కనుగొనెను.

నేటి ఈక్వడారు దేశమందలి చింబొరాజో పర్వతము నాడు లోకమునకెల్ల ఉన్నతమని యెంచబడుచుండెను. 1802 జూను 23వ తేదీన హంబోల్టు దాని నెక్కెను. గాలి పలుచనై చిగుళ్ళనుండి రక్తము కారినను వెనుదీయలేదు. 19,000 అడుగులకు పైబడి చేరితినని లెక్కించెను. లోతైన చీలిక యొకటి అడ్డుపడుటచే శిఖరము మాత్రము అందలేదు. ఆ ప్రాంతపు పర్వతములపై ఏ మొక్క ఏ యెత్తున పెరుగునో వ్రాసికొని, క్రింద అరటియు తాటిజాతులును, మీద గడ్డియు, ఆపైన మంచును చూపు గొప్ప చిత్రపటమును 1807లో ప్రకటించెను.

హిమాలయములను దర్శింప నెంతయో కోరినను ఈస్టిండియా కంపెనీవారు అనుమతి నీయరైరి. ఆస్తి యంతయు యాత్రలకును గ్రంథప్రచురణకును వ్యయపరచి, 1859 మే 6వ తేదీన ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఆయన వ్రాతల విలువ తరువాతి కాలమున మరింత తేటపడినది. ఎత్తైన తావుల మొక్కలను గూర్చిన ఆయన వివరములు పెక్కు ఆ దేశమందలి అంటిసానా పర్వతమునకు చెందినవని పరిశోధకులు గుర్తించి, 2017లో అచ్చట మరల పరిశీలించిరి. భూమి వేడెక్కుటచే మొక్కలు 700 అడుగులకు మించి పైకి ప్రాకినవని తేలెను. చల్లదనమును వెదకుచు పైకి పోవు మొక్కకు శిఖరము దాటిన పిమ్మట నిలువ నీడ లేదు.

ఆనాడు హంబోల్టు శ్రద్ధతో వ్రాసియుంచకున్న, ఆ మొక్కలు స్థానము తప్పిన సంగతి నేడెవ్వరికిని తెలియకుండెడిది.